గోడ అవతలి తులా తుపాకి

చలికాలంలో తుపాకిని గుడిసెలోకి తేకూడదు. పొయ్యి వేడికి ఇనుముకు చెమట పడుతుంది. మళ్ళీ బయటికి తీసుకెళ్తే ఆ చెమటే మంచై తూటాను కొట్టే సుత్తుల్ని పట్టేస్తుంది. అందుకని తైసియా తన రెండు గొట్టాల తుపాకిలోంచి తూటాలు తీసేసి, బయట చూరు కింద మేకుకు తగిలించేది. యెనిసేయి నది పైఅడవుల్లో బొచ్చు కోసం సేబుళ్ళను వేటాడేవాళ్ళందరిదీ ఇదే అలవాటు. ఆ అలవాటే ఆమెను ఒకరోజు చావు అంచుదాకా తీసుకెళ్ళింది.

సోవియట్ దేశం లేకుండా పోయాక అది మూడో చలికాలం. తూటాలు దొరకడం గగనమైపోయింది. కొత్తరకం తుపాకులు కొనుక్కున్నవాళ్ళు వాటికి తిండి పెట్టలేక గోడకు తగిలించి కూర్చున్నారు. తైసియాకు ఆ బెంగ లేదు. ఆమెది యుద్ధానికి ముందు తులా నగరంలో తయారైన తుపాకి. ఇత్తడి గుల్లల్లో ఇంటి దగ్గరే మందు కూరి, పైన మైనం పోసి పెడితే చాలు, మారాం చేయకుండా పేలేది. మామగారి చేతి నుంచి భర్త సవ్వాతీకి, అతను ఏట్లో మంచు విరిగి పోయాక ఆమెకూ వచ్చింది.

అక్కడే చిక్కు. సవ్వాతీకి ఒక అన్న ఉన్నాడు, ఎవ్లాంపీ. తండ్రి పెద్దవాణ్ణి వదిలేసి చిన్నవాడికి తుపాకి ఇవ్వడం ఆయన గుండెలో ముల్లులా ఉండిపోయింది. తమ్ముడు పోయినప్పటి నుంచి ఏటా వచ్చి అడుగుతున్నాడు. ఆ పొద్దున కూడా పొడవాటి మంచుచెక్కల మీద జారుకుంటూ వచ్చాడు. గడప దాటకుండానే చూరు కింద తడిమి, తుపాకి పక్కరేకు మీద చెక్కిన బాతుల్ని వేళ్ళతో నిమిరాడు.

"ఉత్తచేతుల్తో వచ్చారేంటి బావగారూ? మీ తుపాకి ఏది?" అంది తైసియా.

"ఒకటి పట్టుకుపోదామని వచ్చేవాడు ఇంకోటి ఎందుకు మోస్తాడమ్మా!"

"అయితే బరువు లేకుండానే వెనక్కి వెళ్తారు. రండి, టీ తాగండి."

ఆయన నవ్వలేదు. బల్ల దగ్గర కూర్చుని ఎండుచేప తుంచుకుంటూ మొదలుపెట్టాడు. "ఆడదానివి, నీకెందుకే అది? తేలికపాటి ఒంటిగొట్టం ఒకటి చూసి పెడతాను."

"సేబుళ్ళు నన్ను చూసి ఆడదని పరిగెత్తడం మానేస్తున్నాయా?"

"నీ నోటికి తాళం లేదు."

"మీ ఆశకూ లేదు."

అప్పుడే బయట కుక్క ఒక్కసారి అరిచింది. మరుక్షణం తలుపు తోసుకుని లోపలికి వచ్చి పడింది. డొక్క చీలి నెత్తురు కారుతోంది. తైసియా సందులోంచి తొంగిచూసి, తలుపు మూసి అడ్డగడ వేసేసింది.

"ఎలుగు," అంది. "దిమ్మరిది."

ఇంక ఏమీ చెప్పక్కర్లేదు. ఆ కాలంలో ఎలుగు నిద్రలో ఉండాలి. కొవ్వు పట్టక, గుహ దొరక్క తిరిగే దిమ్మరి ఎలుగుకు భయం ఉండదు, ఆకలే ఉంటుంది. అది చేపల కొట్టు పలకలు ఊడబీకుతున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది. తూటాల పటకా మంచం మీద ఉంది. తుపాకి గోడకు అవతల ఉంది. మధ్యలో ఒక్క దుంగ మందం.

"చేపలు అయిపోతే పోతుందేమో," అన్నాడు ఎవ్లాంపీ.

"చేపలు అయిపోతే మన దగ్గరకొస్తుంది. కుక్క నెత్తురు వాసన గడప దాకా ఉంది."

ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. మంచు పేరుకున్నా మనిషి బయటపడాలని సవ్వాతీ అలా బిగించాడు. ఎలుగుకు మాత్రం అది తోస్తే చాలు. ఎవ్లాంపీ వెళ్ళి అడ్డగడకు వీపు ఆనించి నిలబడ్డాడు. గుడిసె ఉన్నట్టుండి పెట్టెంత అయిపోయినట్టు తైసియాకు ఊపిరాడలేదు. రోజూ హాయిగా ఉండే అదే పొయ్యి, అదే మంచం, అదే తక్కువ కప్పు ఇప్పుడు మీదికి వంగుతున్నట్టున్నాయి.

తుపాకి తలుపుకూ కిటికీకీ మధ్య మేకుకు ఉంది. ఆమె చప్పుడు కాకుండా కిటికీ చట్రం ఊడదీసింది. తలా ఒక భుజం పట్టేంత కంత. పొయ్యి ఎగదోసే కొక్కెం పట్టుకుని బయటికి వంగింది. చలి చెంపకు చెళ్ళున తగిలింది. గుడిసె మూల అవతల ఎలుగు ఎముకలు కొరుకుతున్నట్టు గడ్డకట్టిన చేపల్ని కొరుకుతోంది. తుపాకి పట్టీ కొక్కేనికి తగిలింది, జారింది. తుపాకి వెనక పిడి గోడకు ఠంగున కొట్టుకుంది.

కొరుకుడు ఆగిపోయింది.

"వచ్చెయ్, లోపలికి వచ్చెయ్!" అన్నాడు ఎవ్లాంపీ.

ఆమె రాలేదు. ఇంకోసారి విసిరింది. ఈసారి పట్టీ చిక్కింది. తుపాకిని గొట్టాల చివర పట్టుకుని లోపలికి ఈడ్చుకుంటూ ఉండగానే మూల దగ్గర గోధుమరంగు వీపు కదిలింది. పటకాలో గుండ్లు పోసిన తూటాలు రెండే ఉన్నాయి. మిగతావన్నీ పిట్టల్ని కొట్టే సన్న రవ్వలు. తుపాకిని మధ్యకు వంచి తెరిచి రెండు గొట్టాల్లో రెండు తూటాలు పెట్టి టక్కున మూసింది.

"ఇటివ్వు!" ఎవ్లాంపీ తలుపు దగ్గర నుంచి దూకి తుపాకి లాక్కున్నాడు. "ఇది నా పని."

కిటికీ చీకటైంది. పంజా ఒకటి లోపలికి వచ్చి చట్రం చెక్కల్ని పీకుతోంది. ఎవ్లాంపీ తుపాకి ఎత్తాడు. గొట్టాలు కిటికీకి జానెడు పక్కన, గోడ మీదికి గురిపెట్టి ఉన్నాయి.

"బావగారూ! ఎటు పెడుతున్నారు?"

"ఎక్కడుంది? ఎక్కడ చెప్పు!"

అప్పుడు ఆయన కళ్ళలోకి చూసింది. రెండు కనుపాపల మీదా పాలపొర. ఆయన తుపాకిని ఆమె చేతుల్లోకి నెట్టి గోడవైపు తిరిగిపోయాడు.

ఎలుగు తల లోపలికి దూర్చింది. కుళ్ళు వాసన ఆమె ముఖానికి కొట్టింది. తైసియా సుత్తులు ఎక్కించి ముందువైపు ట్రిగ్గర్ నొక్కింది. టిక్కుమంది, అంతే. తూటా అడుగున నిప్పు రాజేసే టోపీ కిందటేటిది, ఎక్కడో తేమ తాగినట్టుంది. వేలు వెనక ట్రిగ్గర్ మీదికి జారింది. ఈసారి గుడిసె అంతా పొగ.

పొగ తేలిపోయేసరికి కిటికీలో ఏమీ లేదు. మంచు మీద ఏదో ఈడ్చుకుపోతున్న చప్పుడు, ఒక మూలుగు, తర్వాత నిశ్శబ్దం.

"చచ్చిందా?"

"తెలీదు."

తెలియకపోవడం చప్పుడు కన్నా ఘోరంగా ఉంది. దెబ్బతిన్న ఎలుగు దారి పక్క పొంచి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. పేలని తూటాకు మళ్ళీ సుత్తి ఎక్కించి నొక్కింది; టిక్కు. పిట్టల రవ్వలతో బయటికి వెళ్ళడమంటే చావును పిలిచి పీట వేయడమే. కిటికీకి తోలు కప్పి మంచం పలకలు అడ్డం కొట్టారు. కట్టెలు బయట ఉన్నాయి. రాత్రి పొయ్యి ఆరిపోతుంటే బల్ల విరిచారు, తర్వాత గోడకున్న అర. కుక్క గాయానికి తైసియా తన తలగుడ్డ కట్టింది.

"ఎప్పటి నుంచి?" అంది ముడి బిగిస్తూ.

"సవ్వాతీ చనిపోయిన ఏడాది నుంచి. మసక మసకగా. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. వేటగాడు గుడ్డివాడంటే ఇంకేముంది, కుక్కకు కూడా లోకువే."

"మరి కనపడని కళ్ళకు తుపాకి ఎందుకు బావగారూ?"

ఆయన అరచేతులు చూసుకున్నాడు. "కాల్చడానికి కాదే. చిన్నప్పుడు నాన్న వేట నుంచి రాగానే దీన్ని విప్పి నా ఒళ్ళో పెట్టేవాడు. గొట్టాలు తుడవడం నాది, సవ్వాతీది చూడ్డం. కళ్ళు మూసుకుని బిగించేవాణ్ణి. తీరా ఇచ్చేటప్పుడు చూసినోడికి ఇచ్చాడు. చేతికి తెలిసింది ఇంకా ఇదొక్కటే మిగిలిందమ్మాయ్. నాకు తుపాకి అక్కర్లేదు. చేతికి ఏదో ఒక పని ఉండాలి."

తుపాకికి ముత్యాల్లా చెమట పట్టింది. తైసియా దాన్ని విప్పి మూడు ముక్కలూ ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు. ఏ ముక్క ఏదో ఆయన వేళ్ళు చూడకుండానే పట్టేశాయి. ఆ తుడుపు చప్పుడు వింటూ ఆమె ఎలుగు వచ్చాక మొదటిసారి గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

తెల్లారాక కుక్క లేచి కుంటుకుంటూ వెళ్ళి తలుపు గీరింది. గుర్రుమనలేదు, తోక ఊపింది. అయినా తైసియా చాలాసేపు గడ తియ్యలేకపోయింది. చివరికి తీసింది. కట్టెల మోపు పక్కన ఎలుగు పక్కకు ఒరిగి పడి ఉంది. దాని మూతి మీద పడ్డ మంచు కరగలేదు.

కుక్కను మంచుబండి మీద పడుకోబెట్టుకుని ఇద్దరూ ఊరికి దిగారు. ఆమె ముందు నడిచింది. ఆయన ఆమె నడుముకు కట్టిన తాడు పట్టుకుని, భుజాన తులా తుపాకి వేసుకుని వెనక వచ్చాడు. ఎదురొచ్చినవాళ్ళు "సాధించావన్నమాట ఎవ్లాంపీ!" అని వేళాకోళమాడారు. "మోస్తున్నాను, అంతే," అన్నాడు. తాడు ఎందుకని ఎవరో అడిగితే, కళ్ళ సంగతి తనే చెప్పేశాడు.

వేసవిలో నగరం పెద్దాసుపత్రిలో ఒక కన్ను బాగుచేశారు, రెండోది కుదరదన్నారు. తుపాకి తైసియా దగ్గరే ఉంది. ఆదివారం ఆదివారం ఎవ్లాంపీ వచ్చి, నూనెగుడ్డ అడిగి, కిటికీ పక్క కూర్చుని దాన్ని విప్పేవాడు. ఆమె టీ పోస్తూ, "బాతుల ఈకలు రాలిపోయేలా తుడుస్తున్నారు," అని ఎగతాళి చేసేది.

"వాటికి కొత్త ఈకలు మొలుస్తాయిలే, నువ్వు చక్కెర ఇంకొంచెం వెయ్యి," అనేవాడాయన.