పలక మీద మాటలు

ఉదయం ఎనిమిది దాటి ఆరు నిమిషాలైంది. జయపాల్ అప్పటికే ఫోన్‌లో ఎవరిదో చల్లబడని ఫ్రిజ్జుకు రెండోసారి క్షమాపణ చెబుతున్నాడు. మార్కాపురంలో మేడమీద రెండు గదుల అద్దె ఇల్లు, కిటికీకి ఆనించిన బల్ల, చెవులకు హెడ్‌ఫోను. ఫ్రిజ్జుల కంపెనీ బెంగళూరులో ఉంది, దానికి పడే తిట్లు మాత్రం నాలుగేళ్లుగా ఈ గదిలోకి వస్తున్నాయి. మెడ ముందుకు వంగిపోయింది, కళ్ల కింద నల్లగా ఉబ్బింది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది, జీతం దానికే కదా.

ఏడేళ్ల కూతురు రూబీ పక్కకొచ్చి పలక ఎత్తి చూపింది. 'జడ' అని ఉంది. తల ఊపి, అవతలి మనిషికి సర్ది చెబుతూనే జడ అల్లాడు.

ఆ ఇంట్లో ఇదే పద్ధతి. కాల్‌లో పిల్ల గొంతు వినిపిస్తే కంపెనీ వాళ్లు మార్కులు కోస్తారు. అందుకని, పలకల పనిలో నడుము పోగొట్టుకున్న తన తండ్రి చేసిన పలక ఒకటి అటక మీదనుంచి తీసి ఇచ్చాడు. 'ఆకలి' అని రాస్తే పళ్లెం వస్తుంది. 'లెక్క' అని రాస్తే మధ్యాహ్నం చెబుతాడు. మిగతావాటికి తల ఊపితే సరిపోతుంది. ఇంత తెలివైన ఏర్పాటు ఇంకెవరికీ తట్టలేదని లోపల కాస్త గర్వం కూడా ఉండేది పాపం.

పాప ఎవరి దగ్గర ఉండాలన్న కేసులో, కోర్టులోనూ ఆ ధైర్యంతోనే నిలబడ్డాడు. విడిపోయిన భార్య శిల్ప ఒంగోలులో టీచరు. "ఆమె పగలంతా బడిలోనే ఉంటది సార్. నేను రోజంతా పాప కళ్ల ముందే ఉంటా" అన్నాడు. జడ్జిగారు రూబీని దగ్గర కూర్చోబెట్టుకుని, నాన్న నీతో ఏం మాట్లాడతాడమ్మా అని అడిగారు.

"నాయన మాట్లాడడు. నేను రాస్తా, తల ఊపుతాడు" అంది రూబీ, తండ్రి గొప్ప చెబుతున్నాననుకుని.

పిల్ల తల్లి దగ్గర ఉండాలనీ, నెలకు రెండు శనివారాలు తండ్రి దగ్గరికి రావాలనీ తీర్పు వచ్చింది. ఈరోజు బడి లేదు, నాలుగింటికి శిల్ప వచ్చి తీసుకుపోతుంది. జయపాల్ పావుగంట టీ విరామం వాడుకోకుండా ఆ వేళకే దాచుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. "రోజూ ఫోన్ చేస్తా పాపా."

"నువ్వు ఫోన్‌లోనే ఉంటావు గదా నాయనా."

ముద్ద పాప నోట్లో పెట్టాడు. మెడలోని హెడ్‌ఫోను చూపించాడు. "నాలుగింటికి ఇది తీసి పక్కన పెడతా. చెయ్యి పట్టుకోని నేనే కిందికి దింపుతా. సరేనా?"

రూబీ తల ఊపింది. ఎవరి దగ్గర నేర్చుకుందో అతనికి తెలుసు, బాధేసింది.

మూడూ యాభైకి కాల్ వచ్చింది. "ఏందయ్యా మీ కంపెనీ? మూడుసార్లు చెప్పినా. ఒక్కడన్నా వచ్చినాడా?" ఎవరో పెద్దాయన. అవతలివాళ్లు పెట్టేదాకా ఇవతల పెట్టకూడదు. ఈ నెల ఇంకొక్క తప్పు పడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోయినవాడికి ఆ రెండు శనివారాలైనా మిగలనిస్తారో లేదో. నాలుగైంది. నాలుగూ ఐదైంది. కింద ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. పెద్దాయన బిల్లు నంబరు మొదటినుంచి చదువుతున్నాడు.

కంటి చివర పలక లేచింది. జయపాల్ అంకెలు రాసుకుంటూ, చూడకుండానే తల ఊపాడు.

నాలుగూ ఇరవైకి హెడ్‌ఫోను తీసి లేచాడు. "రూబీ, పోదాం పా."

గదిలో తన గొంతే గట్టిగా వినిపించింది. చెప్పుల దగ్గర చిన్న జత లేదు, సంచీ లేదు. కిటికీలోంచి చూస్తే వీధిలో ఆటో లేదు.

కుర్చీ మీద పలక ఉంది, పక్కన బలపం ముక్క. గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా చెరగకుండా రాసి ఉంది: 'అమ్మ కింద ఉంది. నువ్వు రావా? నేనే పోనా?'