జీలుగుబందకు ఒక టికెట్టు

ఈ ఉదయం ఏడున్నరకు, బస్సు డిపో గేటు దాటుతుండగా, నా గుండెలో గంట తాడు నేను కాకుండా ఇంకెవరో లాగుతున్నారని తెలుసుకుంటాను.

బస్సులో పద్ధతి సులువు. కండక్టరు తాడు లాగి ఒక గంట కొడితే బండి ఆగాలి, రెండు కొడితే కదలాలి. పంతొమ్మిదేళ్లుగా ఘాట్ రోడ్డు మీద నేను చేస్తున్న పని అదే. నా గుండె చేసేదీ అదే, కొట్టుకున్న ప్రతిసారీ రెండు గంటలు. ఈ రోజు మాత్రం పదకొండుసార్లు రెండేసి కొట్టి, పన్నెండోసారి ఒక్కటే కొడుతోంది. ఆ ఒక్కటీ నేను కొట్టింది కాదు.

డ్రైవరు సన్యాసిరావుకి కూడా అది వినపడుతోంది. గంట ఎక్కడిదన్నది అతనికి అనవసరం. ఒకటి వినపడగానే బ్రేకు మీద కాలు వేస్తాడు. అలా ప్రతి పన్నెండో చప్పుడుకీ బస్సు ఆగుతుంది. ప్రయాణికుల తలలన్నీ ఒక్కసారి ముందుకి వంగి లేస్తాయి. ఎవరూ సీటు వదలరు. మూడో సీటులో ఒకావిడ మాత్రం బండి ఆగినప్పుడల్లా దిగి, చుట్టూ చూసి, తన ఊరు కాదనుకుని మళ్లీ ఎక్కుతుంది.

ఘాట్ మొదలయ్యే చోట సన్యాసిరావు ఇంజను ఆపేస్తాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుని, అద్దంలోంచి నా వైపు చూస్తాడు.

“రత్నమ్మా, కింద రోడ్డు మీద ఎన్నిసార్లాపినా పర్లేదు. ఘాటీ మీద ఒంటి గంట ఇన్నానంటే బండి ఎనక్కి జారతాది. ఆ తాడు లాగుతున్నోడెవడో ఎతికి దింపీసి రా. మజ్జానం పన్నెండు దాకా సూస్తాను.”

దాటితే ఏమిటని అడుగుతాను.

“బండి షెడ్డుకీ, నువ్వు ఇంటికీ. ఇంకో కండక్టర్ని అలవాటు సేసుకోడానికి నాకు సర్వీసు మిగల్లేదు, సెప్తన్నాను.”

బస్ షెల్టర్ ఉండాల్సిన చోట గుండె ఆసుపత్రి ఉంది. డాక్టర్ హైమావతి నా కోసం సిమెంటు బెంచీ తుడుస్తోంది. నన్ను పడుకోబెట్టి, ఛాతీ మీద ఐదు తీగలు అంటించి, మీట నొక్కుతుంది. యంత్రంలోంచి గళ్ల కాగితం బయటికొస్తుంది. గది దాటుతుంది, మెట్లు దిగుతుంది, రోడ్డు మీదికెళ్లి ఘాట్ మొదటి మలుపు తిరుగుతుంది. కాగితం మీద ప్రతి పన్నెండో గీత దగ్గరా ఒక మైలురాయి నిలబడి ఉంది. రాళ్ల మీద ఊరి పేరు లేదు. దూరం మాత్రం ఉంది. అన్నిటి మీదా ఒకే దూరం.

డాక్టరు కిటికీలోంచి వంగి ఆ రాళ్లను చూసి వస్తుంది. గుండెలో పై గది గంట కొడుతుందనీ, కింది గదులు దానికి కదులుతాయనీ, నా గుండెలో పై గది సొంత పని బాగానే చేస్తోందనీ చెబుతుంది. తాడు లాగుతున్నది వెనక వరసలో కూర్చున్న ఎవరో ఒకరు.

ఎప్పటి నుంచి ఉందని అడుగుతుంది. ఈ రోజు నుంచి, అంటాను.

“ఈ రోజు మీకు వినపడింది, నూకరత్నం గారూ. ఎప్పుడు మొదలెట్టాడో లాగినవాణ్ణి అడగాలి.”

వైద్యం ఉంది. ఒక సూదిని ఎర్రగా కాల్చి, తాడు లాగే చోట ఆనిస్తే చాలు, అక్కడ కూర్చున్నవాళ్లు ఇక ఉండరు. అయితే సీటు నంబరు కావాలి. నంబరు తెలియకపోతే వెనక వరస మొత్తం కాల్చేస్తుంది. సూది పన్నెండింటికి సిద్ధమవుతుంది. ఆమె ఇదంతా చెబుతూనే సూదిని స్టవ్వు మీద పెడుతుంది.

నా వెనక వరసలో ఎవరున్నారో నాకు తెలుసు. మా అమ్మ ఉంది. పోయిన దగ్గర్నుంచీ ఆమె అక్కడే కూర్చుంటోంది.

నంబరు నేను తెస్తానని చెప్పి లేస్తాను.

ఎక్స్‌రే గది తలుపు తీస్తే నా గుండె. పాత రకం మడత తలుపు, ఎర్ర రెక్సిన్ సీట్లు. మెట్టు వెచ్చగా ఉంది. సన్యాసిరావు స్టీరింగు దగ్గరే ఉన్నాడు. బయట ఉన్నావు కదా అంటే, బయటున్నదీ ఇదే బండి అంటాడు.

చెకింగు ఎప్పుడూ ముందు నుంచి మొదలెట్టాలి. వెనక నుంచి మొదలెడితే టికెట్టు లేనివాడు ముందు తలుపులోంచి దిగిపోతాడు. ఒక్కో సీటూ చూస్తూ వెళ్తాను. అందరి దగ్గరా టికెట్లు ఉన్నాయి. నేను ఒక వరస దాటేసరికి వెనక రెండు వరసలు కొత్తగా మొలుస్తాయి. పదకొండు గంటలకి వెనక అద్దం కొబ్బరికాయంత కనపడుతోంది. పదకొండున్నరకి అణాకాసంత.

నేను నిలబడి ఆలోచిస్తాను. సంత రోజు కిక్కిరిసిన బస్సులో ఏ కండక్టరూ ముందుకి నడవదు. జనానికి వీపు ఆనించి, ముఖం డ్రైవరు వైపు పెట్టుకుని, వెనక్కి నడుస్తుంది. అలాగే తిరిగి నడుస్తాను. బస్సు నేను చూస్తున్న వైపే పెరగగలదు. సన్యాసిరావు దూరమవుతాడు, నిమిషంలో నా వీపుకి వెనక వరస తగులుతుంది.

మొదటి సీటులో అమ్మ. ఒడిలో టిఫిన్ క్యారేజీ. అడక్కముందే టికెట్టు చూపిస్తుంది.

“ఏటే, మొకం అలా పీక్కుపోయింది? తిన్నావా?”

డ్యూటీలో ఉన్నానంటాను.

“డూటీలో ఉంటే ఆకలెయ్యదేటి?” అని క్యారేజీ మూత తీయడం మొదలెడుతుంది.

పక్కన పదో తరగతి చదివే నేను. బడి పాసు ముందుకి తోసి, పుస్తకంలోంచి తల ఎత్తదు. ఆ పక్కన ఒక అల్లం బస్తా, దానికి గుచ్చిన లగేజీ టికెట్టు. చివర కిటికీ దగ్గర, నలభై తొమ్మిదో సీటులో, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన. కళ్లు మూసుకుని ఉన్నాడు. అందరి చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

పన్నెండో చప్పుడు వస్తుంది. నేల ఒక్క కుదుపు కుదుపుతుంది. నేను చేతుల వైపు చూడను, చేతులు అబద్ధం ఆడతాయి. తల ఎత్తి తాడు వైపు చూస్తాను. బస్సు పొడుగునా తాడు మీద వేలెడు దుమ్ముంది. నలభై తొమ్మిదో సీటు పైన మాత్రం జానెడు మేర నున్నగా మెరుస్తోంది.

టికెట్టు అడుగుతాను. ముసలాయన కళ్లు తెరవకుండానే జేబులోంచి తీసి ఇస్తాడు. ఇప్పటి మిషను టికెట్టు కాదు, చిల్లు కొట్టిన పాత టికెట్టు. చిల్లు వంకరగా పడింది. అలా వంకరగా నేను ఒక్క రోజే కొట్టాను, నా మొదటి డ్యూటీ రోజు. ఊరు జీలుగుబంద.

అంతా గుర్తొస్తుంది. ఈయన ఆ ఊరికి ఎప్పుడూ వెళ్లలేదన్నాడు, వచ్చినప్పుడు చెప్పమన్నాడు. చెప్తాను, నువ్వు పడుకో తాతా అన్నాను. ఆ రోజు సంత. మెట్ల మీద కూడా జనం. నేను చెప్పడం మరిచిపోయాను. కండక్టరు చేయగల తప్పులన్నిటిలోకీ అది చిన్నది, దిగాల్సినవాడు తప్ప ఎవరూ రిపోర్టు చేయరు. జీలుగుబంద ఘాట్ మీద తొమ్మిదో మలుపు. ఇప్పుడు అక్కడ ఊరు లేదు, ఖాళీ నేల ఉంది. ఎప్పుడూ లేదేమో అనుకుంటూ ఇన్నాళ్లూ రెండు గంటలు కొట్టి దాటించేశాను.

టాపు మూత తెరుచుకుంటుంది. డాక్టర్ హైమావతి చెయ్యి లోపలికి వస్తుంది, వేళ్ల మధ్య ఎర్రటి సూది. పన్నెండుకి రెండు నిమిషాలుంది, నంబరు చెప్పమంటుంది.

నలభై తొమ్మిది అంటే చాలు. అమ్మ ఉంటుంది, ఘాట్ ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. కానీ నా చేతిలో ఉన్నది చెల్లే టికెట్టు. చెల్లే టికెట్టున్న ప్రయాణికుణ్ణి అతని ఊళ్లో తప్ప ఎక్కడా దింపకూడదు.

నేను చెయ్యెత్తి తాడు అందుకుంటాను. ఒక్క గంట కొడతాను.

గుండె ఆగుతుంది. ఫ్యాను ఆగుతుంది. అమ్మ చెయ్యి క్యారేజీ మూత మీద ఆగుతుంది. సూది ఎరుపు ఉన్నచోటే ఉంటుంది.

“బండి ఆపాను తాతా,” అంటాను. “ఎందుకు లాగావో చెప్పు. నువ్వు చెప్పేదాకా రెండు కొట్టను.”

నా వేళ్ల చివర్లు తెల్లబడతాయి. చాలా దూరంలో, అగ్గిపుల్లంత సన్యాసిరావు వెనక్కి తిరుగుతాడు. “రత్నమ్మా, ఇంజను సల్లారిపోతంది. డబల్ గంటియ్యి.” నేను తాడు వదలను, లాగను. రాడ్డుకి భుజం ఆనించి నిలబడతాను.

ముసలాయన కళ్లు తెరుస్తాడు. నన్ను కాదు, వెనక అద్దంలోకి చూస్తాడు.

“నానే లాగేనమ్మా. పంతొమ్మిదేళ్లబట్టీ నానే. నువ్వు పడుకోమన్నావు, పడుకున్నాను. తెలివొచ్చి ఎనక్కి సూస్తే, ఒక ఊరు బస్సెనకాల పరిగెడతా అవుపడింది. ఇళ్లు, పాకలు, కోళ్లు, బడి, అన్నీ. నానెప్పుడూ సూడని ఊరు గదా, నాదో కాదో అనుకున్నాను. మళ్లీ అనుకున్నాను, ఇంకే ఊరు నా కోసం పరిగెడతాదీ అని. నీకు సెప్తే కొత్త ఉజ్జోగం, భయపడతావని సెప్పలేదు. ఊరికే తాడు లాగీవోణ్ణి. ఒంటి గంట. బండి రవ్వంత ఆగితే ఊరు రవ్వంత దగ్గరకొచ్చీది. మరీ లాగితే నీ పేణం మీదకొస్తాదని పన్నెండుకోపాలే లాగేను. ఇన్నాళ్లకి నువ్వే ఆపేవు, ఊరు అందీసుకుంది. అదిగో, ఇళ్లెక్కీసినాయి. బడెక్కీసింది. కోళ్లు నిచ్చెన పట్టుకుని టాపు మీదకి పోనాయి. నుయ్యొక్కటే ఎనకబడింది, నీళ్లు తొణికిపోతాయని మెల్లగా నడుస్తంది. ఓ రవ్వ ఓర్సుకో. వొచ్చీసింది... గిలక మెట్టు మీద పెట్టీసింది. ఇంక కొట్టెయ్ తల్లీ, రెండు.”