మునుం ఎవరిది

నన్ను ముఠాలోంచి తీసేశారని నాకెవరూ చెప్పలేదు. పొద్దున్నే సద్దిడబ్బా పట్టుకుని, రోజూ ఆటో ఎక్కే మోరీ మీద నిలబడ్డాను. బెన్నీ ఆటో వచ్చింది, ఆగకుండా వెళ్లిపోయింది. వెనక కూర్చున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఒళ్లోని డబ్బా మూతలు చూసుకున్నారు, వాటి మీదేదో రాసి ఉన్నట్టు. తండా రూప్లి ఒక్కతే, మలుపు తిరిగేదాకా నా వైపు చూసింది. ముందు సీట్లో విశ్రాంతమ్మ పెద్దమ్మ తిన్నగా రోడ్డు చూస్తోంది. మెడ తిప్పే అవసరం ఆమెకు ఎన్నడూ పడలేదు.

కారేపల్లి చుట్టుపక్కల మిర్చి ఏరే ముఠా మాది. సగం మంది మా పల్లెవాళ్లం, ఒకే చర్చికి పోయేవాళ్లం. సగం మంది తండావాళ్లు. ముఠాకు పెద్ద విశ్రాంతమ్మ. ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ కాదనలేదు. అరిచే మనిషైతే నాకు బాగుండేది. తిరిగి అరవడానికి దేవుడు నాకు మంచి గొంతే ఇచ్చాడు. ఆమె అరవదు. తలకు తువ్వాల చుట్టుకుంటే పని మొదలైనట్టు. మధ్యాహ్నం ప్రార్థన చేసి "ఆమెన్" అని డబ్బా మూత తీస్తే అందరూ మూతలు తియ్యాలి. తండావాళ్లు కూడా ఆ ఆమెన్ కోసమే కాచుకుని ఉంటారు. ఆమె తన డబ్బాలోని తొక్కుపచ్చడి ముందు ఎవరికి వేస్తే ఆ పూట ఆమె దయ వాళ్ల మీద ఉన్నట్టు.

అన్నిటికంటే పెద్ద సంగతి మునుం. చేనులో అందరం తలా కొన్ని సాళ్లు పట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఒకే వరసలో ఏరుకుంటూ పోతాం. ఆ వరసను ముందుండి నడిపే మొదటి సాలు పెద్దమ్మది. ఆమె ఎంత జోరుగా పోతే అందరం అంత జోరుగా పోవాలి. ఆమెను దాటి ఒక్క చెట్టు కూడా ముందుకు పోకూడదు. ఆ కట్టుబాటు ఆమె పెట్టిందే. ఆమె పక్కనే రెండో సాలులో ఏళ్ల తరబడి నేనుండేదాన్ని. రెండో సాలంటే రెండో పెద్దరికం.

పోయిన వానాకాలం నాకు కీళ్లజ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ వేళ్లలో బిగుతు పోలేదు. పొద్దున పిడికిలి ముడవాలంటే వేన్నీళ్లు కావాలి. సీజన్ మొదట్లోనే పెద్దమ్మ నా చేతులు చూసింది. "ఫ్లోరెన్సూ, అటు ఎండ తక్కువుంటది, అటు పో బిడ్డా" అంది. అట్లా మూడో చోటికి పోయాను. ఇంకోరోజు ఇంకో సాకు, ఇంకొంచెం అవతలికి. క్రిస్మస్ దాటేసరికి గట్టు పక్కన ఆఖరి సాలులో ఉన్నాను. ఆఫీసుల్లో బదిలీ చేస్తే కాగితమన్నా ఇస్తారు, నాకు "బిడ్డా" అన్న పిలుపు ఒక్కటే దక్కింది. ఆఖరి సాలు తర్వాత ఇంక మిగిలింది మోరీయే.

ఒక ముఠాలోంచి జారిన మనిషిని మా దగ్గర ఇంకో ముఠా తీసుకోదు. సొంతవాళ్లే వద్దనుకున్నారంటే ఏదో ఉందంటారు. ఇక ఇంట్లో కూర్చోవడమే. మా ఆయన షాలేమ్‌రాజు మంచి మనసుతోనే "ఈ ఏడు ఊకో, చేతులకు రెస్ట్ దొర్కుతది" అన్నాడు. ఆ పూట ఆయన కూరలో ఉప్పు పడలేదు.

సాయంత్రం పెద్దమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"పెద్దమ్మా, ఆటో ఎందుకు ఆపలే?"

"అయ్యో, మోరీ మీద ఉన్నవా బిడ్డా? బెన్నీ చూసుకోలేదేమో."

"రేపు రావాల్నా, వద్దా? గది చెప్పు."

"నిన్నెవరు వద్దన్నరే? నీ ముఠాకు నువ్వు రావా? చేతులే జర జాగ్రత్త." అని ఒక చింతపండు ముద్ద నా చేతిలో పెట్టింది.

దాన్ని పట్టుకుని ఇంటికొచ్చాను. వద్దని ఒక్క మాటంటే కొట్లాడేదాన్ని. చింతపండుతో ఎవరు కొట్లాడతారు? నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆటో ఆగింది. వెనక కిక్కిరిసి ఉన్నారు. మిగిలిన ఒక్క జాగాలో పెద్దమ్మ సంచీ ఉంది. దాన్ని జరపడానికి ఎవరి చెయ్యీ లేవలేదు. బెన్నీ అద్దంలో చూస్తూ "జాగ లేదక్కా" అన్నాడు. "ఎట్లనే బిడ్డా, ఇరుకైంది" అంది పెద్దమ్మ, రోడ్డుతో.

"మంచిది, పోండ్రి" అని నడక మొదలుపెట్టాను. రైతు చెంచురామయ్య చేను అడవి అంచున ఉంది. టేకుచెట్ల మధ్య దారి పొడుగునా పెద్దమ్మను తిట్టుకుంటూ పోయాను. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే నోరే అది. రోడ్డు పక్కన కోతులు గమ్మున కూర్చుని విన్నాయి.

నేను చేరేసరికి మునుం మొదలై కొంత దూరం పోయింది. చీర మీద చొక్కా తొడుక్కుని, ఒడి కట్టుకుని, గట్టు పక్కన ఖాళీగా ఉన్న ఆఖరి సాళ్లు పట్టాను. పొమ్మని ఎవరనగలరు? నిన్న రమ్మన్నది పెద్దమ్మే కదా. నా పక్క సాళ్లలో రూప్లి ఉంది, దాని అవతల సరళ.

పెద్దమ్మ తల తిప్పకుండానే నన్ను చూసింది. గాలితో చెప్పినట్టు అంది: "చెంచురామయ్య చర్ల దిక్కు నుంచి వేరే ముఠాను మాట్లాడుతుండంట."

నెమ్మదైతే మా పని పోతుందని అందరికీ అర్థమైంది. చేతులు జోరందుకున్నాయి. పెద్దమ్మవి అందరికంటే ముందు. అరవై దాటినా ఆ చేతులకు వంక పెట్టలేం. ఆమె ఎత్తు నాకు అప్పుడు తెలిసింది. వరసంతా ముందుకు పోతుంది, చేను నడుమ నేనొక్కదాన్నే మిగులుతాను. అవతలి గట్టు మీద నిలబడ్డ రైతు చూస్తాడు, "రేపు ఆమెను తేవొద్దు" అని ఆయనే అంటాడు. ఆ పాపం పెద్దమ్మకు అంటదు. "రైతే అన్నడు బిడ్డా" అని ఇంకో చింతపండు ముద్ద పెడుతుంది.

వరస దూరమైంది. అందరి వీపులూ కనిపిస్తున్నాయి, ఒక్క ముఖం కనిపించడం లేదు. మిర్చి ఘాటుకు కళ్లు కారుతున్నాయి. అదంతా ఘాటు వల్లే అని చెప్పను. ఏడ్చాను.

అప్పుడు రూప్లి ఆగింది. తలకున్న తువ్వాల విప్పి దులిపింది. మళ్లీ చుట్టుకోవడం మొదలుపెట్టింది. పెళ్లికొడుకు తలపాగాకు కూడా అంతసేపు పట్టదు. అది ముడి వేసేసరికి నేను దాని పక్కకు చేరాను.

"నువ్వు పో రూప్లీ, నీ మీద పడ్తది" అన్నాను.

"నా మోకాళ్లు గూడ అయిపోయినయ్ అక్కా. రేపు తండా మలుపు కాడ నిలబడేది నేనే గద" అంది. చెయ్యి చాచి, నా సాలులో తన వైపున్న కాయలు తెంపి తన ఒడిలో వేసుకోసాగింది.

కాసేపటికి సరళకు దగ్గొచ్చింది. కూర్చుని నీళ్లు తాగింది, తీరిగ్గా మూత పెట్టింది, లేచేసరికి మాతో సమానంగా ఉంది. దాని అవతలి మనిషికి కాల్లో ముల్లు గుచ్చుకుంది. ఆమె అవతలి మనిషికి జుట్టు ముడి ఊడింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చెప్పకుండా చెప్పడం పెద్దమ్మ ఇన్నేళ్లుగా మాకు నేర్పిన విద్యే. బాగానే నేర్చుకున్నామని ఆ రోజే తెలిసింది.

మునుం పట్టిన మనిషి వెనక్కి చూడటం పెద్దమ్మకు నామోషీ. వెనకవాళ్లే తనను చూసుకోవాలి. అట్లాగే తలొంచుకుని జోరుగా ఏరుకుంటూ పోయి అవతలి గట్టెక్కింది. గొడుగు పట్టుకుని నిలబడ్డ చెంచురామయ్య ఆమెను చూశాడు, ఆమె వెనక చూశాడు.

"ఏంది విశ్రాంతమ్మా, ఒక్కదానివే వచ్చినవ్? ముఠా ఏది?"

చేనంతా వినిపించింది. అప్పుడు తిరిగింది పెద్దమ్మ. మేమంతా చేను నడుమ ఉన్నాం, ఒకే వరసలో, ఆఖరి సాలు నుంచి రెండో సాలు దాకా.

"జల్దీ రాండ్రే" అని కేకేసింది. ఆమె నోటి నుంచి కేక వినడం నాకదే మొదటిసారి. మా చేతులు జోరు పెంచలేదు, తగ్గించనూ లేదు. నిండిన ఒడితో ఆమె గట్టు మీద నిలబడింది, మేం వచ్చేదాకా నిలబడే ఉంది.

చెంచురామయ్య సాళ్లలోకి దిగి చూశాడు. "వీళ్లు మంచిగ ఏరిన్రు, కాయ మిగల్లే. నీ సాలు చూడు విశ్రాంతమ్మా, సగం పండుకాయలు చెట్ల మీదనే ఉన్నయ్. గంత తొందరేంది నీకు?" అన్నాడు.

నాకు సంతోషమైంది. దాచుకోను. వేళ్ల నొప్పి కూడా ఆ కాసేపు తెలియలేదు.

మధ్యాహ్నం పెద్దమ్మ ప్రార్థన ఎన్నడూ లేనంత పొడుగ్గా సాగింది. "ఆమెన్" అని మూత తీసింది. ఇంకే మూతా లేవలేదు. అందరూ నా డబ్బా వైపు చూస్తున్నారు. ఆ చూపులు బాగున్నాయి, చెప్పొద్దూ. ఇంకొంచెంసేపు ఉండనిద్దామనిపించింది. అనిపించినందుకే భయం వేసి గట్టిగా అన్నాను: "తినండ్రమ్మా. నేనేమన్న పాస్టర్నా, నా కోసం ఆగుతున్నరు?" అందరూ నవ్వారు. మూతలన్నీ ఒకేసారి లేచాయి. పెద్దమ్మ నవ్వలేదు, తొక్కు మాత్రం వరసగా అందరికీ వేసింది.

తిన్నాక కొత్త మునుం పట్టాలి. గట్టు మీద అందరం నిలబడ్డాం. మొదటి సాలు ఖాళీగా ఉంది. పెద్దమ్మ తువ్వాల చుట్టుకుంది. మాలో ఎవరం కదల్లేదు. తాను దిగితే వెనక ఎవరూ దిగకపోతే? ఆ సంగతి ఆమె ముఖంలో కనిపించింది. ఒక్కొక్కరి వైపూ చూసింది. ఇన్నేళ్లు ఆమె ముఖం చదవడం మా పని. ఇప్పుడు ఆమె మా ముఖాలు చదువుతోంది. చదవడం రాక ఇబ్బంది పడుతోంది.

చివరికి నోరు విప్పి, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"ఫ్లోరెన్సూ, మునుం నువ్వు పట్టు."

"నా చేతులు నెమ్మది పెద్దమ్మా."

"ఎరుకే. నెమ్మదిగనే పట్టు."

ఆఖరి సాలు దగ్గర నుంచి మొదటి సాలుదాకా గట్టు మీద నడిచాను. ఒక్కొక్కరూ జరిగి దారిచ్చారు. మొదటి సాలు నేను పట్టాను, రెండోది పెద్దమ్మ పట్టింది, మూడోది రూప్లి. నా వేళ్లు నాకు తోచినట్టే కదిలాయి. నొప్పి ఎక్కువైన చోట ఆగాను, వరసంతా ఆగింది. కదిలాను, కదిలింది. నా పక్కన విశ్రాంతమ్మ పెద్దమ్మ తన చెట్టు ఎప్పుడో ఏరేసి, తర్వాతి చెట్టు మీద చెయ్యి వెయ్యకుండా, నేను ముందుకు జరిగేదాకా కాచుకుని నిలబడింది.