మింగిన మెరుపులు

అది 1961. నరసరావుపేట కాలేజీ ఫిజిక్సు ల్యాబులో రోజూ పదింటికి కిటికీలకు నల్లగుడ్డలు దించేవాళ్లు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా డిమాన్‌స్ట్రేటర్లు కృపానందం, అమరేశ్వరరావు అరగంట ఊరికే కూర్చునేవాళ్లు. తర్వాత పల్చటి బంగారు రేకు మీదికి కణాలను వదిలేవాళ్లు. అవి రేకులోని కేంద్రకాలకు తగిలి చెదిరి, తెర మీద మెరుపుచుక్కలై పడేవి. ఒకరు భూతద్దంలో చూసి "పడింది" అంటే, రెండోవాడు ఆ చీకట్లోనే నోటుబుక్కులో గీత గీయాలి. కాసేపటికి చోట్లు మారాలి.

బరువైన మూలకాలు నక్షత్రాల కడుపులో ఎలా పుట్టాయో తేల్చే పెద్ద ప్రయోగానికి వాల్తేరులో ఒకే ఒక్క సీటుంది. ఎవరి కళ్లు చురుకో ఈ లెక్కలు చూసి పిలుస్తానన్నాడు అక్కడి ప్రొఫెసరు.

కృపానందం వంద చూస్తే అమరేశ్వరరావు నూట నాలుగు చూసేవాడు. పోనీ గొప్పలకు పోతాడా అంటే అదీ లేదు, "నీకు నిద్ర చాలలేదేమోరా" అని ఓదార్చేవాడు. ఆ ఓదార్పుకే కృపానందం కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. ఒకే బడిలో, ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్లం, దేవుడు ఆ చూపు వాడికే పెట్టాలా?

ఒక సోమవారం "పడింది" అని వినపడ్డా అతను గీత గీయలేదు. ఆ మెరుపు నేరుగా వచ్చి అతని రొమ్ములో దూరి అక్కడే ఉండిపోయింది. ఒళ్లు కాస్త బరువెక్కింది. మర్నాడు మూడు మింగాడు. ఆపైన అలవాటైపోయింది. కేంద్రకం కూడా ఒక్కో కణాన్నే మింగుతూ బరువెక్కుతుందని పిల్లలకు పాఠం చెప్పేది అతనే.

మంచం నవారు నేలకు తగిలితే భార్య ఫిలోమినా మళ్లీ బిగించింది. రిక్షా ఖాదర్ వలి ఎత్తు వచ్చినచోట దిగి నెట్టేవాడు. అతనేమీ ఆశ్చర్యపోలేదు. ఊళ్లో కడుపుమంట ఉన్నవాళ్లందరి బరువూ అతనికి తెలుసు.

నెల తిరిగేసరికి పిలుపు ఉత్తరం కృపానందానికే వచ్చింది. అమరేశ్వరరావు పెట్టె మోసుకుంటూ స్టేషనుదాకా వచ్చాడు. వాడి మొహంలో పిసరంత ఏడుపు లేకపోవడం కూడా కృపానందానికి గిట్టలేదు.

ఇంజను మూడుసార్లు కూసింది. గుంటూరు బండి కదల్లేదు. గార్డు పెట్టెపెట్టెకూ చూసుకుంటూ వచ్చి, అతని ముందు ఆగాడు.

"మాస్టారూ, తమరు దిగితేగాని ఇది కదలదండీ."

దిగాడు. కాలికింద బండలు కుంగాయి. స్నేహితుడి మొహం చూడలేక నేల చూస్తూ చెప్పాడు.

"నీ మెరుపులు నూట పన్నెండు మింగానురా."

"నూట పదమూడు," అన్నాడు అమరేశ్వరరావు. "నేనూ లెక్కపెట్టుకుంటానే ఉన్నా. నువ్వే చెబుతావని చూశా."

కృపానందం ఆ ఉత్తరం వెనకే జరిగిందంతా రాసి, సంతకం పెట్టి, అమరేశ్వరరావు చేతిలో పెట్టి అతన్ని బండెక్కించాడు. బండి సునాయాసంగా కదిలిపోయింది. తను లెక్క తప్పిన ఆ ఒక్క మెరుపును కూడా పోగొట్టుకోనివాడిని చూసి, అప్పుడు కూడా, కృపానందానికి కుళ్లే పుట్టింది. ఇంటికి నడిచే వెళ్లాడు. చెప్పేసినా ఒంటి బరువు తులమైనా తగ్గలేదు.