మధురవాడలో రెండు నిమిషాలు

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ కాంతం ఊరంతా చెబుతుంది. అబద్ధం. నాకు కోపం రాదు, తెప్పిస్తారు. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో సన్యాసిరాజు అనే మహానుభావుడు తెప్పించినంత కోపం మాత్రం ఇంకెవరూ తెప్పించలేదు.

నేను పోర్టులో టైమాఫీసు గుమస్తాను, పాలకొల్లు నుంచి వచ్చినవాణ్ణి. రాజు అక్కడే జెట్టీలో ఆరేళ్ళుగా రోజుకూలీ. పని దొరికిన రోజు బస్తాలు, దొరకని రోజు సముద్రంలో ఈత. అందరినీ పిలిచినట్టే నన్నూ "బావా" అనేవాడు. పాలకొల్లులో నన్నలా పిలిచే హక్కు ఇద్దరికే ఉంది.

ఆ ఏడాది ఒక కంపెనీవాళ్ళు మూడు వారాల తేడాతో రెండు పందేలు పెట్టారు. ఒక్కో పందెంలో ముందు సముద్రంలో రెండు కిలోమీటర్ల ఈత. ఆ తర్వాత హైవే మీద విజయనగరం దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి రావాలి. చివర్న బీచ్ నుంచి రుషికొండ దాకా పరుగు. మూడూ ఒకే రోజు! మొదటి పందెం తొమ్మిది గంటల్లో ముగించినవాళ్ళనే రెండోదానికి రానిస్తారు. రెండోదాంట్లో మొదటి ముగ్గురిలో ఉంటే, కావాలన్నవాడికి పర్మనెంటు ఉద్యోగం.

రాజు ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"బావా, మొన్ననే పెళ్ళైనోడ్ని. రేపు పనుంటాదో నేదో తెలీకుండా ఎన్నాళ్ళు బతకను? నాను ఈదగల్ను, తొక్కగల్ను, పరిగెత్తగల్ను. లెక్కే రాదు. అది నువ్వు సూడాల."

వాడి మొహం చూస్తే జాలేసింది. గ్రాఫు కాగితం, ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

"ఒరేయ్, మొదటిదాంట్లో ఒళ్ళు దాచుకోవాలి, రెండోదాంట్లో ఒళ్ళు మరిచిపోవాలి. మొదటిసారే విరగబడి తొక్కావంటే మూడు వారాల్లో ఆ కాళ్ళు తేరుకోవు. ఎనిమిది గంటల్లో ముగించు చాలు. ఎవరు దాటిపోయినా పట్టించుకోకు."

"అవుమానం గాదేటి బావా?"

"ఉద్యోగం వచ్చాక గౌరవంగా ఉందువుగాని."

ఆ చార్టులో ఒక వరుస చూసుకుని నేను తెగ మురిసిపోయాను. రాజు అత్తగారిల్లు మధురవాడలో సరిగ్గా హైవే పక్కనే. అందుకని తిరుగుదారిలో ఇలా రాశాను: 'మధురవాడ, అత్తగారిల్లు, మంచినీళ్ళు, రెండు నిమిషాలు.' వాడి అత్త అసిరమ్మకు కార్డు కూడా రాసి పడేశాను. 'ఆదివారం మీ అల్లుడు సైకిలు మీద వస్తాడు. గ్లాసుడు మంచినీళ్ళిచ్చి పంపగలరు.'

ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పెళ్ళయ్యాక మొదటిసారి గుమ్మంలోకి వస్తున్న కొత్తల్లుడికి గ్లాసుడు మంచినీళ్ళా!

పందెం రోజు సైకిళ్ళు దిగేచోట వాచీ పట్టుకుని నిలబడ్డాను. పొద్దున్న ఆరింటికి మొదలైంది. నా లెక్క ప్రకారం పన్నెండున్నరకు రాజు రావాలి. ఒంటిగంట అయింది, ఒకటిన్నర అయింది, మనిషి జాడ లేదు. రెండింటికి పది నిమిషాలు తక్కువగా వచ్చాడండీ పెళ్ళికొడుకు! కొత్త పట్టుపంచె, భుజాన కండువా, నుదుటన ఇంత బొట్టు, హేండిలుకు వేలాడుతూ టిఫిను కేరియరు.

"ఏమైపోయావురా దరిద్రుడా!" అని అరిచాను.

"ఏటి సెయ్యను బావా? మా అత్త రోడ్డుకడ్డంగా పీటేసేసింది. కాళ్ళు కడిగేసినారు. కడిగేసినాక కూకోకపోతే బాగుంటాదేటి? కోడ్ని కోసేసినారు. కోసేసినాక..."

"తిన్నావు."

"గారెలు కూడాను. పద్నాలుగు. బట్టలెట్టినారు. కూసింత నడుం వాల్సమన్నారు."

రెండు నిమిషాలు రాసినచోట గంటా ఇరవై నిమిషాలు! ఇంక మిగిలింది గంటా పది. "పరిగెత్తరా!" అని వీపు మీద ఒక్కటిచ్చాను. పట్టుపంచె ఎగ్గట్టి, తేన్పులు తేనుస్తూ పరిగెత్తాడు. దారిపొడుగునా జనం అదేదో మొక్కు అనుకుని దణ్ణాలు పెట్టారు. గడువుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా రుషికొండ చేరి ఇసకలో పడ్డాడు.

కేరియరు నాకట. "కార్డు రాసినాయనకి ఇమ్మన్నాది" అన్నాడు. కోపంతోనే తిన్నాను. గారెలు బాగున్నాయి, అది వేరే సంగతి.

మర్నాడే చార్టు చుట్టుకుని బస్సెక్కి మధురవాడ వెళ్ళాను. అసిరమ్మ అరుగు మీద కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాలుస్తోంది. కాగితం పరిచాను.

"చూడమ్మా, మీ ఇంట్లో కూర్చున్నందుకు గంటా ఇరవై నిమిషాలు పోయింది. ఈసారీ అలా జరిగితే ఉద్యోగం గోవిందా. మీ అమ్మాయి జన్మంతా రోజుకూలీ పెళ్ళామే."

ఆవిడ చుట్ట తీసింది. "అల్లుడు మా గుమ్మం ముందునించి తినకుండా ఎల్లిపోతే ఊరోళ్ళేటంతారు బాబూ?"

"ఏమన్నా అననీ!"

కాసేపు ఆ ఎర్ర గీతల వంకే చూసింది. "గంటా ఇరవయ్యా? ఎవులు కూకున్నా అంతేనా?"

"ఎవరు కూర్చున్నా అంతే! గడియారానికి అల్లుడని ప్రత్యేకం ఉంటుందా?" అని కసిరాను.

"సరే. అల్లుడ్ని ఆపను. పైడితల్లమ్మ మీదొట్టు."

మూడు వారాలూ చార్టు ప్రకారమే నడిచాయి. మొదటి వారం విశ్రాంతి అన్నాను. విశ్రాంతిగా ఉండడం కోసం రాజు రెండేసి బస్తాలు మోసేచోట ఒక్కోటే మోశాడు.

రెండో పందెం రోజు ఎందుకైనా మంచిదని నేనే మధురవాడలో కాపు కాశాను. తిరుగుదారిలో రాజుకంటే ముందు నలుగురున్నారు. ఇటు చూస్తే అసిరమ్మ రోడ్డుకడ్డంగా మూడు పీటలు వేయించి, చెంబులు పట్టుకున్న ఆడవాళ్ళని వరసగా నిలబెట్టింది.

"అమ్మా! ఒట్టేశావు!"

"అల్లుడ్ని ఆపనని ఏసినాను."

మొదటివాడు పెళ్ళికాని కుర్రాడు, మర్యాద తెలియక పక్కనుంచి దూసుకుపోయాడు. వెనక ముగ్గురూ మాత్రం చిక్కారు. ముగ్గురూ దూరదేశాలనుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు, సరదాకి పందెంలో దిగారు. నెలల తరబడి మెస్సు తిండి. "మా అల్లుడి జతగాళ్ళు మా ఇంటి ముందునించి ఆకల్తో ఎల్తారేటి?" అంటూ అసిరమ్మ కాళ్ళమీద నీళ్ళు పోసేసింది. కోడికూర వాసన వచ్చింది. కూర్చున్నారు.

అప్పుడొచ్చాడు రాజు. వచ్చినవాడు పోకుండా బ్రేకు వేశాడు!

"అత్తా! నా పీటేదీ?"

"నీకు నేదు. ఎల్లు."

"కోడి వండినావా?"

"వండినాను. ఎల్లు!"

"ఆ మీసాలాయనకి తొడముక్క ఎట్టినావు. నానేటి తక్కువ?" వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను రోడ్డు మీద గంతులేస్తున్నాను. అసిరమ్మ వెనక్కి వెళ్ళి, సీటు పట్టుకుని ఒక్క తోపు తోసింది. రాజు ఏడుస్తూ తొక్కాడు. ఏడుస్తూ తొక్కేవాడు అంత జోరుగా పోతాడని నా చార్టులో ఎక్కడా లేదు.

రెండోవాడిగా చేరాడు. ఆ ముగ్గురూ సాయంత్రానికి సైకిళ్ళు నడిపించుకుంటూ, తాంబూలం నములుతూ వచ్చి, మళ్ళీ పందెం ఎప్పుడని అడిగారు.

నెల తిరక్కుండా ఉద్యోగం కాగితం వచ్చింది. అల్లుణ్ణి వెంటబెట్టుకుని అసిరమ్మ పెద్ద కేరియరుతో మా ఇంటికొచ్చింది. రాజు ఇంకా అలక మీదే ఉన్నాడు, ఆవిడతో మాట్లాడడం లేదు.

"చూశారా, నా చార్టు ఎలా పనిచేసిందో!" అన్నాను మీసం దువ్వుకుంటూ.

"పన్జేసింది బాబూ. ఎవులు కూకున్నా గంటా ఇరవయ్యని మీరే గదా సెప్పినారు. అందుకే కూకోబెట్టినాను."

నా చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. కాంతం కొంగు అడ్డుపెట్టుకుని నవ్వుతోంది.

అసిరమ్మ రాజు వైపు తిరిగింది. "ఆ రోజు నిన్ను ఆకల్తో తోలేసినాక నాకూ ముద్ద దిగనేదురా అయ్యా" అంది. మా ఇంట్లోని పీట తనే వాల్చి, చెంబు అందుకుంది. "ఇప్పుడు కూకో."

రాజు కాళ్ళు ముందుకు చాపి, మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. తొడముక్కలు రెండూ వాడికే పడ్డాయి. టైమాఫీసు బుద్ధి, ఊరుకోలేక వాచీ చూశాను. వాడు లేచేసరికి గంటా నలభై అయింది. నాకు కోపం రాలేదు.