నలభై ముగ్గురి ఫుట్‌బాల్ జట్టు

ఫుట్‌బాల్ పదకొండు మంది ఆడే ఆటని లెక్కల మేడమ్‌కి కూడా తెలుసు. ఆటల మాస్టారితో ఇరవై రెండేళ్లు కాపురం చేసినా, ఆటల గురించి ఆవిడకి తెలిసింది దాదాపు అంతే. అలాంటి ఆవిడ పరీక్షల విభాగంలో కూర్చుని హాజరు లెక్కలు చూస్తుంటే, ఒక్క ఫుట్‌బాల్ జట్టులోనే నలభై ముగ్గురు తేలారు. మళ్లీ లెక్కపెట్టారు. నలభై ముగ్గురే! అందులో ఒకడు కాలికి కట్టుతో కుంటుకుంటూ తిరుగుతున్నాడు. వాడూ ఆటగాడేనట!

ఆటకి ఊరెళ్లిన పిల్లలకి హాజరు పోకుండా ఇచ్చే కాగితాన్ని ఆ కాలేజీలో ఆన్ డ్యూటీ చీటీ అంటారు. చీటీ ఉంటే క్లాసులో ఉన్నట్టే లెక్క. మేడమ్ చీటీలన్నీ ముందేసుకుని చూశారు. నలభై ముగ్గురిలో ముప్పై మంది పోయిన నెల విద్యార్థి సంఘం ఎన్నికల్లో జెండాలు మోసినవాళ్లు. వాళ్ల చీటీల మీద తేదీలన్నీ ప్రచారం జరిగిన వారానివే. పేర్లు ఎవరి చేత్తోనో రాసి ఉన్నాయి. కింద సంతకం మాత్రం అచ్చంగా తన మొగుడిది.

కాలేజీలో వాళ్లిద్దరూ ఒకరినొకరు సార్, మేడమ్ అనే పిలుచుకుంటారు. ఆరోజు మాత్రం ఆవిడ ఆటల గదిలోకి వెళ్లి తలుపేశారు.

"ఏమండీ, ఖాళీ చీటీల మీద సంతకాలు పెట్టి ఎవరికిచ్చారు?"

బంతికి గాలి కొడుతున్న మాస్టారి చెయ్యి ఆగిపోయింది. "కెప్టెన్లకి. ఏటా ఇస్తాగా. బస్సు బయల్దేరే టైముకి సంతకం కోసం పిల్లలు నా వెనకాల తిరగడమెందుకని..."

"ఆ చీటీలు ఎన్నికల వాళ్ల చేతుల్లో పడ్డాయి."

"అయ్యో, కొంప మునిగిందే!"

"మునగదా మరి! కాగితం కనిపిస్తే చాలు, చదవకుండా గీకెయ్యడమే. ఇన్నేళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను, వింటేగా!"

ప్రిన్సిపాల్ గొడవంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. మేడమ్ చీటీలు చూపించగానే ఆయన సంఘం వాళ్ల జోలికి పోకుండా ఉండే దారి వెతుక్కున్నారు.

"అన్ని ఆటల చీటీలూ రద్దు చేసేద్దాం. ఎవరు రాశారు, ఎవరు సంతకం పెట్టారు, ఇవన్నీ తవ్వొద్దు. రేపు స్టాఫ్ కౌన్సిల్లో తీర్మానం పెడతాను. అందరికీ మంచిది మేడమ్." కాస్త ఆగి అన్నారు, "మీకు కూడా."

జెండాలు మోసినవాళ్లకి పోయేది వారం రోజుల హాజరు. నిజంగా ఆడినవాళ్లకి ఏడాదే పోతుంది. నాలుగొందల మీటర్లు పరిగెత్తే పిల్ల ఒకతి ఉంది. దాని చీటీలు తీసేస్తే హాజరు అరవై ఒక్క శాతం. డెబ్భై అయిదు లేకపోతే హాల్ టికెట్ రాదు. క్లాసు తప్పిన ప్రతిసారీ అది నోట్సు పట్టుకుని మేడమ్ గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యేది. తెలియని లెక్క తెలియలేదని మొహమాటం లేకుండా చెప్పేది. "ఆ పరుగులు మాని పుస్తకం పట్టుకోవే" అని మేడమ్ తిట్టని రోజు లేదు. తిడుతూనే చెప్పేవారు.

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారు మెల్లగా అన్నారు, "ఊరుకుందామే."

"మీ పిల్లలండీ వాళ్లు! ఏ చీటీ నిజమో, ఏది కాదో మీరొక్కరే చెప్పగలరు."

"చెప్తే ఖాళీవి ఇచ్చానని ఒప్పుకోవాలి. నన్ను గ్రౌండులోంచి తీసేస్తారు. గ్రౌండు లేకపోతే నేనేం చెయ్యను, చెప్పు?"

ఆయనకి వేరే పని చాతకాదని మేడమ్‌కి బాగా తెలుసు. ఆ జాలి ఒకవైపు, ఆ పిల్ల ముఖం ఇంకోవైపు.

మర్నాడు కౌన్సిల్లో ప్రిన్సిపాల్ తీర్మానం చదివారు. "ఆటల పేరు చెప్పి క్లాసులెగ్గొట్టడం ఎక్కువైంది, మంచి పని చేస్తున్నారు" అని ఫిజిక్స్ పెద్దాయన మహా సంతోషపడిపోయారు. ఒక్కొక్క చెయ్యే లేవసాగింది. మాస్టారు తల దించుకుని కూర్చున్నారు. ఎన్నేళ్లు కలిసి బతికినా ఈ నిజం చెప్పక తప్పదు కాబోలు అనుకుని, మేడమ్ కుర్చీ వెనక్కి జరిపారు.

ఆవిడ లేచేలోపే మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఖాళీ చీటీల మీద సంతకాలు పెట్టిచ్చింది నేనే. తప్పు నాది. నిజంగా ఆడినవాళ్ల పేర్లూ తేదీలూ నా దగ్గరున్నాయి. వాళ్లవి మాత్రం ఉంచండి సార్."

చివరికి ఆడినవాళ్ల చీటీలు నిలబడ్డాయి. మధ్యాహ్నానికల్లా మాస్టారిని గ్రౌండు నుంచి లైబ్రరీకి మార్చిన కాగితం వచ్చింది. దాన్ని మాత్రం ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

సాయంత్రం ఇద్దరూ నడిచి ఇంటికి బయల్దేరారు.

"నేను లేవకపోయుంటే నువ్వు చెప్పేసేదానివా?" అనడిగారు మాస్టారు.

అబద్ధం ఆడదామనుకున్నారు మేడమ్. నోరు రాలేదు. "చెప్పేసేదాన్నండీ."

"తెలుసు. నీ కుర్చీ చప్పుడైంది. మొగుణ్ణి నలుగురిలో పట్టించిందని రేపట్నుంచి నిన్నాడిపోసుకుంటారు. ఆ మాట నువ్వెందుకు పడాలి? అందుకే గబుక్కున లేచాను."

మేడమ్‌కి ఏడుపు ఆగలేదు. నడిరోడ్డు మీద, ఇద్దరు స్టూడెంట్లు చూస్తుండగానే, ఆయన చెయ్యి పట్టుకున్నారు.