మడవని పావురం

కాగితాన్ని సరిగ్గా నడిమికి మడవడంలో మానవజాతి చూపిన దూరదృష్టి వంతెనలు కట్టడంలో గాని, రాజ్యాంగాలు రాయడంలో గాని చూపలేదు. సగం నెమలిని గీసి, కాగితం మడిచి, రెండు పొరల మీదుగా సూదితో పొడిచి విప్పితే నిండు నెమలి చేతికి వస్తుంది. సృష్టికర్తకు సైతం దొరకని వెసులుబాటు ఇది. హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో మొయిన్ నడిపే జర్దోజీ కార్ఖానా మూడు తరాలుగా ఈ ఒక్క సూత్రం మీదనే నిలబడి ఉంది. ఆ సూత్రాన్ని గత పదకొండేళ్లుగా ప్రతి మధ్యాహ్నం, గిన్నెలు కడిగిన తడి చేతులు దుపట్టాకు తుడుచుకుని, అమలు చేస్తున్నది మాత్రం అతని భార్య సురయ్యా.

అమలు చేయడమంటే, ట్రేసింగ్ కాగితం మీద డిజైను గీసి, గీత వెంట వెంట్రుకవాసి ఎడంతో చిల్లులు పొడవడం. ఆ కాగితాన్ని ఖాకా అంటారు. కార్ఖానాలో దాన్ని గుడ్డ మీద పరిచి తెల్లపొడి రుద్దితే చిల్లుల్లోంచి డిజైను గుడ్డ మీదికి దిగుతుంది. ఆ చుక్కల వెంట పనివాళ్లు జరీ కుడతారు. కుట్టిన నలుగురికీ వారం వారం కూలి ముడుతుంది. చుక్కలు పెట్టిన మనిషికి, ఇంటి మనిషి గనుక, ‘మస్తుగ చేసినవ్’ అన్న మాట ముడుతుంది. అదీ పండుగ సీజనులో.

గిరాకీలు డిజైను చూసి ‘ఎవరు గీసిన్రు భాయ్’ అని అడిగితే, ‘మా దగ్గర ఒక కారిగర్ ఉన్నడు’ అనేవాడు మొయిన్. ఇందులో దురుద్దేశమేమీ లేదు. పెళ్లయిన కొత్తలో, భార్య పేరు బజారులో ఎత్తడం మర్యాద కాదనుకుని ఒక మాట అన్నాడు. ఆ మాట పెరిగి పెద్దదై మనిషి అయింది. కారిగర్‌కు క్రమంగా గడ్డం వచ్చింది, నడుం నొప్పి వచ్చింది, లక్నోలో ఒక గురువు కూడా ఏర్పడ్డాడు. బిడ్డ ఉమ్మే హానీ పుట్టినప్పుడు ఆయన నలభై రోజులు ఊరికి పోయాడు. సురయ్యాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆయనకు కోపం వచ్చింది. కళాకారులకు కోపతాపాలు సహజమేనని గిరాకీలు సర్దుకుపోయారు. ఇంటికీ కార్ఖానాకూ మధ్యనున్న తెర వెనక చాయ్ వడబోస్తూ ఇవన్నీ వినే సురయ్యాకు ఒక్కోసారి ఆయన మీద జాలి కూడా కలిగేది. ఇంత పేరున్న మనిషి, పాపం, ఇంతవరకు తన చేతి ముద్ద ఒక్కటి తినలేదు.

ఆమె పుట్టిల్లు షాద్‌నగర్ కావడం వల్ల ఆ ఇంట్లో కోపాలు దక్కనీలోను, బుజ్జగింపులు తెలుగులోను నడిచేవి. తెలుగే ఎక్కువగా వినపడేది గనుక దాన్ని ప్రేమగల ఇల్లు అనే చెప్పాలి.

ఉమ్మే హానీకి ఎనిమిదో ఏడు నడుస్తుండగా, ఆ పిల్ల బాబాయి ఒక పెన్‌డ్రైవ్ నిండా పాత కార్టూన్లు వేసి ఇచ్చాడు. కంప్యూటరు పుట్టకముందు, మనుషులు ఒక్కొక్క బొమ్మనూ చేత్తో గీసి కదిలించిన కాలానివి. పిల్ల బడికి పోయిన ఒక మధ్యాహ్నం సురయ్యా టీవీ తుడుస్తుండగా మోచెయ్యి రిమోట్ మీద పడింది. ఆడుతున్న బొమ్మ ఆగిపోయింది. తెర మీద ఒక పిట్ట గాలిలో నిలిచి ఉంది. దాని ఒక రెక్క వీపు వెనక్కి విరుచుకుపోయి ఉంది, రెండోది సగం మూసిన గొడుగులా ముడుచుకుని ఉంది. రెండు రెక్కలకూ ఎక్కడా పొంతన లేదు. పదకొండేళ్లలో తాను గీసిన వేల పిట్టల్లో ఒక్కదానికీ ఇంత అవకతవక రెక్కలు లేవని సురయ్యా గర్వంగా గుర్తు చేసుకుంది. ఆ వెంటనే, వాటిలో ఒక్కటీ ఎగరలేదన్న సంగతి కూడా గుర్తొచ్చింది.

ఖాకా పనివాళ్లు మాత్రమే చేయగల పొరపాటు ఒకటి ఆ రోజు జరిగింది. ఆమె ట్రేసింగ్ కాగితం తెచ్చి టీవీకి అతికించి, పిట్టను గీసుకుని, చేతి అలవాటు కొద్దీ సూది తీసి పొడిచింది. రెండు పోట్లు పడ్డాక గాని ఎదురుగా ఉన్నది గుడ్డ కాదని స్పృహ కలగలేదు. అప్పటి నుంచి ఆ టీవీలో ఎవరు కనపడినా వారి ఎడమ చెంప మీద నల్లటి చుక్కలు రెండు ఉంటున్నాయి.

“బేటా, హీరోయిన్‌కు పుట్టుమచ్చ, వార్తలు చెప్పే పోరికి పుట్టుమచ్చ, క్రికెట్ ఆడే పిలగానికి గూడ అదే జాగల పుట్టుమచ్చ. ఇదేంది?” అని అత్తగారు అడిగింది.

“ఫ్యాషన్, అమ్మీ.”

“మంచిగనే ఉన్నది,” అందావిడ, కోడలి చేతిలోని సూది వంక ఒకసారి చూసి. సాయంత్రం మొయిన్ టీవీ దగ్గరికి వంగి ఏదో అనబోతే ఆవిడే అందుకుంది. “ముందు సంది ఉన్నదే. నువ్వు ఇంట్ల ఏది సక్కగ సూసినవ్ గనక.”

ఆ విధంగా, రోజుకు గంటన్నర చొప్పున, సురయ్యా విద్యాభ్యాసం మొదలైంది. గురువులు ఎప్పుడో పోయిన మనుషులు, పాఠశాల రిమోట్ మీద ఒక మీట. ఫోనులో ఒక ముసలాయన ఈ బొమ్మల రహస్యాలు చెప్పే వీడియోలు దొరికాయి. ఆయన ఇంగ్లీషు ఆమెకు సగమే అర్థమైంది గాని చేతులు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి. సెకను కదలాలంటే ఇరవై నాలుగు బొమ్మలు కావాలట. కింద పడిన బంతి ఒక్క క్షణం రొట్టెలా అణగకపోతే దానికి బరువే ఉండదట. ముందుకు దూకే ప్రతి ప్రాణీ మొదట కాస్త వెనక్కి వంగుతుందట. ఇది విని ఆమెకు నవ్వు వచ్చింది. పుట్టింటికి పోవాలనుకున్నప్పుడు నాలుగు రోజుల ముందే ‘ఈసారి పోనులే’ అనడం ఆమె పెళ్లయిన ఏడాదే నేర్చుకుంది. ఆ విద్యకు ఇంత శాస్త్రం ఉందని మాత్రం తెలియదు.

ఒక కార్టూనులో బట్టలుతికే బాతు ఉంది. ఊరికే చూస్తే అది బట్ట ముంచుతుంది, పిండుతుంది, దండెం మీద వేస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆపుకుంటూ పోయిన సురయ్యాకు, ముంచడానికీ పిండడానికీ మధ్యన ఒక వికారం తగిలింది. ఆరు రెక్కలు, మూడు ముక్కులు, నులకతాడులా సాగి ఒక పక్కకు కొట్టుకుపోయిన మొహం. ఆ బొమ్మ సెకనులో ఇరవై నాలుగో వంతు మాత్రమే బతుకుతుంది. దాన్ని ఎవరూ చూడరు. అది లేకపోతే బాతు కదలదు. సురయ్యా దాని ముందు చాలాసేపు కూర్చుంది. ఆ బాతు తనకు తెలుసు. పొద్దున ఏడున్నరకు పిల్ల జడ ఒక చేత, పొంగుతున్న పాలు ఒక చేత, అత్తగారి బీపీ గోళీ ఒక చేత, కార్ఖానాకు పోవలసిన ఖాకా చుట్ట చంకలో, మొయిన్ ‘నా చెప్పులేవి’ అంటే అటు తిరిగిన మొహం. అప్పుడు ఎవరైనా మీట నొక్కి ఆపితే కనపడేది ఇదే. ‘పొద్దంత ఇంట్లనే ఉంటవు గద, అలసిపోనీకి ఏమున్నది’ అని మొయిన్ మొన్న ప్రేమగానే అన్నాడు, తలగడ సర్ది ఇస్తూ. అతను చూసేవి రెండే బొమ్మలు. పొద్దున చాయ్ అందించే సురయ్యా, సాయంత్రం అన్నం వడ్డించే సురయ్యా. రెండింటిలోనూ ఆమె నిదానంగానే నిలబడి ఉంటుంది. మధ్య బొమ్మలను అతను ఎన్నడూ ఆపి చూడలేదు. అవి ఉంటాయనే తెలియదు. అతనిని తిట్టుకుందామని చూసింది గాని, పదకొండేళ్లు పిట్టను మడిచి గీసిన తనకూ ఆ సంగతి ఇవాళే తెలిసిందని తట్టి ఊరుకుంది.

ఇక కాగితాలు మడవడం ఆమె చేతులకు కష్టమైంది. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ పక్కింటి పావురాలను చూడసాగింది. పావురం ఎగిరేముందు కుంగుతుంది, మెడ లోపలికి తీసుకుంటుంది, కాళ్లతో నేలను తన్నుతుంది. రెండు నెలల్లో ఇరవై నాలుగు కాగితాలు పోగయ్యాయి. ఇరవై నాలుగింటి మీదా ఒకటే పావురం, ఏ ఒక్కటీ మరొకదానిలా లేదు, దేనికీ మడత లేదు.

ఆ కట్ట పొరపాటున గిరాకీలకు చూపించే ఖాకాల్లో కలిసి, మొయిన్ చేతుల మీదుగా, ఉప్పుగూడ నుంచి తల్లితో వచ్చిన మరియం అనే పెళ్లికూతురు ముందుకు చేరింది. ఆ అమ్మాయి కట్ట అంచు మీద బొటనవేలు పెట్టి సర్రున వదిలింది. మళ్లీ వదిలింది.

“భాయ్, ఇది ఎగురుతున్నది.”

ఖాకా ఎగరడమన్నది ఆ కార్ఖానా చరిత్రలో లేదు. మొయిన్ “అవును” అన్నాడు.

“నా వలీమా దావత్ లెహంగాకు గిదే కావాలె. ఇరవై నాలుగు కలీలు పెట్టున్రి, కలీకొక్క పావురం. నేను నడుస్తుంటే ఘేరా ఒక్కొక్క ముక్క విప్పుకుంట, అంచు మీద ఇది ఎగురుకుంట రావాలె.” లెహంగాకు పైనుంచి కిందికి కలిపి కుట్టే గుడ్డపట్టీలు కలీలు, వాటన్నింటి చుట్టుకొలత ఘేరా.

“కారిగర్‌ను అడగాలె మ్యాడం. ఆయన జర మూడీ మనిషి.”

“నేనే మాట్లాడుత, పిలువున్రి.”

“ఆయన ఎవరికీ కనపడడు. నడుం నొప్పి.”

తెర వెనక సురయ్యా చాయ్ ట్రేతో ఒక అడుగు వెనక్కి వేసింది. తరువాత ముందుకు వచ్చింది.

“ఆయన పని మానేసిండు,” అంది.

“ఎప్పుడు?” అన్నాడు మొయిన్, నిజంగానే కంగారు పడిపోయి.

“ఇప్పుడే.”

“మరి ఇవి ఎవరు గీసిన్రు ఆపా?” అని అడిగింది మరియం.

“నేను గీసిన. ఆయన గీసినవి గూడ నేనే గీసిన.”

పెళ్లికూతురు మొయిన్ వంక చూసింది. మొయిన్ చాయ్ వంక చూశాడు. “సల్లగైతది, తాగున్రి,” అన్నాడు.

వాళ్లు వెళ్లాక అతను కుర్చీలో కూలబడ్డాడు. “ఒక్క మాట ముందుగాల చెప్పొద్దా సురయ్యా?”

“ఎవరికి చెప్పాలె? కారిగర్‌కా?”

అతను తనకు తెలిసిన రాజీమార్గం ప్రతిపాదించాడు. “సరే. పేరు నీదే చెప్త, కసం. గని ఇరవై నాలుగు ఎందుకు? సగం పావురం గీయి, మడిచి పొడుద్దాం, అదే కలీ కలీకీ దించుదాం. కింద అంచు మీద, కాళ్ల కాడ, ఎవరు చూస్తరు?”

పదకొండేళ్లలో ఆమె చేసిన ప్రతి పని మీదా ఎవరో ఒకరు వేసిన ప్రశ్నే అది. ఎవరు చూస్తరని ఆమె కూడా అనేకసార్లు అనుకుంది.

“నేను చూస్త,” అంది. “మడిచేది లేదు. మడవాలంటే వేరే మనిషిని చూసుకోన్రి.”

మొయిన్ నోరు తెరిచేలోపు లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. “గీయనీ రా. మీ అబ్బా గూడ జిందగీ అంత సగం నెమలే గీసిండు. రాత్రి పగలు సూది పట్టి పొడిసింది ఎవరని నువ్వు ఒక్కనాడన్న అడిగినవా, నేను చెప్పిన్నా?”

కార్ఖానా మూడు తరాల చరిత్ర ఆ ఒక్క వాక్యంలో తిరిగి రాయబడింది. మొయిన్ తల్లి గది గుమ్మం వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. తరువాత లేచి, చేతులు కడుక్కుని వచ్చి, సూది పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. రెండో పావురం దగ్గర బొటనవేలికి గుచ్చుకుంది.

“గింత కష్టమా ఇది?”

“ఇంక ఇరవై రెండున్నయి,” అంది సురయ్యా, అతని వేలికి గుడ్డపీలిక చుడుతూ.

ఆ నెలలో ఇంట్లో పప్పు మూడుసార్లు మాడింది. మూడోసారి మాడ్చింది మొయిన్. చివరి కలీ కుట్టు పూర్తయిన రోజున అతను లెహంగాను హ్యాంగరుకు తగిలించి, చుట్టూ తిరిగి చూసి, పనివాళ్లందరూ వినేటట్టు “మా ఇంటామె గీసింది” అన్నాడు. ఆ మాట అనడానికి అతని గొంతు మొదట కాస్త వెనక్కి తగ్గడం సురయ్యా గమనించింది.

వలీమా శుక్రవారం మధ్యాహ్నం. మొయిన్ మగవాళ్ల వైపు, సురయ్యా ఆడవాళ్ల వైపు. స్టేజీ మీద ఎర్రటి సోఫాలో మరియం రాణిలా కూర్చుంది. కూర్చునే ఉంది. లెహంగా అంచును అక్కచెల్లెళ్లు సోఫా చుట్టూ సర్ది, దాని ముందు పూలకుండీలు పెట్టారు. వచ్చినవాళ్లు వచ్చారు, పక్కన కూర్చున్నారు, ఫొటోలు దిగారు, పోయారు. మరియంను ఎవరూ లేవమనలేదు. కొత్త పెళ్లికూతురు లేచి తిరగడం బాగుండదు గదా. రెండో వరుస కుర్చీలో సురయ్యా దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, పావురం కుంగడం కోసం చూస్తూ కూర్చుంది.

గంటకు ఫోను మోగింది.

“ఎగిరిందా?” అన్నాడు మొయిన్.

“ఇంక కూసునే ఉన్నది.”

మరో గంటకు మళ్లీ మోగింది. “ఇప్పుడు?”

“ఖీర్ తింటున్నది.”

మూడో గంట ముగియవస్తుండగా మరియం చెల్లెలి చెవిలో ఏదో చెప్పింది. పూలకుండీలు జరిగాయి. పెళ్లికూతురు లేచింది. సురయ్యా కూడా లేచింది. మొదటి అడుగుకు పావురం కుంగింది, మెడ లోపలికి తీసుకుంది. మూడో అడుగుకు ఘేరా ఒక కలీ తరువాత ఒక కలీ విప్పుకుంటూ తిరిగింది. కాళ్లు నేలను తన్నాయి, ఒక రెక్క వెనక్కి విరుచుకుంది, రెండోది ఇంకా విప్పుకోలేదు. ఆరో అడుగుకు అది నేల విడిచింది. ఎనభై కుర్చీల హాలులో ఆడవాళ్లందరూ పెళ్లికూతురి నగలను చూస్తున్నారు. సురయ్యా ఒక్కతే కిందికి చూస్తూ, ఆ అంచు వెనకాలే నడిచింది. జరీ పావురం కార్పెట్ మీద నుంచి, చెప్పుల గుట్ట పక్క నుంచి, ఎవరి అనుమతీ అడగకుండా, ఏ రెక్కకు ఆ రెక్కగా ఎగిరిపోయింది. ఫోను మోగుతున్నట్టు కూడా ఆమెకు కాసేపు తెలియలేదు.

“ఎగిరిందా?”

“ఎగిరింది.”

“సుభానల్లా. యాడి దాంక?”

సురయ్యా మూసుకున్న తలుపు వంక చూసింది.

“బాత్రూం దాంక.”